పాతింట్లో మెయిన్ వాల్వ్ కారుతోంది, మూసినా నీళ్ళు ఆగట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తడిగోడ:

అందరికీ నమస్తే. మా ఇల్లు బాగా పాతది, పైపులన్నీ జీఐ (జింకు, అంటే దస్తా పూత పూసిన ఇనుము), చాలావరకు గోడల్లోంచే పోతాయి. బయట మీటర్ నుంచి వచ్చే లైను మెట్ల కింద ఇంట్లోకి వస్తుంది, అక్కడ ఒక ఇత్తడి గేట్ వాల్వ్ ఉంది, గుండ్రటి చక్రం తిప్పే రకం. ఆ చక్రం కింద నుంచి కొన్నాళ్ళుగా చుక్కచుక్కగా కారుతోంది, రాత్రి గిన్నె పెడితే తెల్లారేసరికి నిండిపోతోంది. సరే మూసి చూద్దామని చివరిదాకా బిగించాను, అయినా వంటింటి కుళాయిలో సన్నగా ధార వస్తూనే ఉంది. అంటే కారుతోంది, చెయ్యాల్సిన పనీ చెయ్యట్లేదు. వాల్వ్ ఒంటి మీద తెల్లగా, ఆకుపచ్చగా చిలుము పొక్కులు కట్టింది.

నా అసలు భయం గోడ గురించి. వాల్వ్‌కి ఒక పక్క బెత్తెడు పైపు, వెంటనే ఎల్బో (వంపు ముక్క), అది గోడలోకి వెళ్ళిపోయింది. రెండో పక్క జానెడు పైపు, తర్వాత టీ (మూడు దారుల ముక్క). పైపు కోయకుండా విప్పుకునే జోడు, అదే యూనియన్, ఎక్కడా కనపడట్లేదు. గట్టిగా తిప్పితే లోపల ఎల్బో పగిలితే ఇక గోడ తవ్వడమే కదా. మీటర్ దగ్గర ఇంకో వాల్వ్ ఉంది గానీ అది కదలనే కదలట్లేదు, బలవంతం చెయ్యడానికి ధైర్యం చాలట్లేదు.

వాల్వ్ మార్చకుండా కారడం ఆపొచ్చా? మార్చక తప్పదంటే మళ్ళీ గేట్ వాల్వే పెట్టాలా, బాల్ వాల్వ్ మంచిదా? మధ్యలో ముక్క కోసేసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు పెడితే పని తేలిగ్గా అయిపోతుందని తెలిసినాయన ఒకరు అన్నారు, అది నమ్మొచ్చా? కుళాయి వాషర్లు అవీ నేనే మార్చుకుంటా, పైపు కోసే పని మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

పాతపానా:

మీ వాల్వ్‌కి ఉన్నవి రెండు వేరే వేరే సమస్యలండి, రెండూ కలిపి చూడకండి. చక్రం కింద కారడం చాలాసార్లు వాల్వ్ మార్చకుండానే తగ్గుతుంది. మూసినా ఆగకపోవడం అలా కాదు.

చక్రం మధ్యలోంచి కిందికి దిగే కడ్డీ స్పిండిల్. అది వాల్వ్‌లోకి దిగే చోట ఒక చిన్న నట్ ఉంటుంది చూడండి, అది గ్లాండ్ నట్. దాని లోపల స్పిండిల్ చుట్టూ దారంలాంటి ప్యాకింగ్ చుట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పకపోతే ఆ ప్యాకింగ్ ఎండి గట్టిపడి సన్నబడుతుంది, ఆ సందులోంచే నీళ్ళు పైకి వస్తాయి. కాబట్టి మొదట చెయ్యాల్సింది ఏంటంటే, ఒక రెంచితో వాల్వ్ ఒంటిని కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో పానా పెట్టి గ్లాండ్ నట్‌ని ఎనిమిదో వంతు చుట్టు మాత్రం బిగించండి, తుడిచి కాసేపు చూడండి, ఆగకపోతే ఇంకో ఎనిమిదో వంతు. చక్రం చేత్తో తిరిగేంత వదులు ఎప్పుడూ ఉండాలి, అంతకు మించి బిగిస్తే స్పిండిల్ పట్టేస్తుంది, లేదంటే నట్టే చీలిపోతుంది.

దాని కింద ఇంకో పెద్ద నట్ ఉంటుంది, వాల్వ్ పై భాగాన్ని ఒంటికి బిగించేది, బోనెట్. లైన్లో నీళ్ళు ఉండగా పొరపాటున కూడా దాన్ని వదులు చెయ్యొద్దు, పై భాగం మొత్తం చేతికి వస్తే మీటర్ నుంచి వచ్చే నీళ్ళన్నీ మీ మెట్ల కిందే. గ్లాండ్ నట్ ఏదో బోనెట్ ఏదో తేల్చుకున్నాకే పానా పెట్టండి.

ఇక మూసినా ఆగకపోవడం. గేట్ వాల్వ్‌లో ఒక ఇత్తడి బిళ్ళ పైనుంచి కిందికి దిగి దారికి అడ్డం పడుతుంది. జీఐ పైపులో రాలే తుప్పు ఆ బిళ్ళ కూర్చునే గాడిలో పేరుకుంటే అది చివరిదాకా దిగదు. అంచు అరిగిపోయినా అంతే. ఒక్కోసారి బిళ్ళకీ స్పిండిల్‌కీ ఉన్న పట్టే ఊడిపోతుంది, అప్పుడు చక్రం తిరుగుతుంది గానీ లోపల సరిగ్గా ఏం కదలదు. వంటింటి కుళాయి పూర్తిగా తెరిచి పెట్టి, వాల్వ్‌ని మెల్లగా మూసి, పావు చుట్టు తెరిచి, మళ్ళీ మూసి చూడండి, సన్నటి సందులోంచి నీళ్ళు వేగంగా పోతాయి కాబట్టి తుప్పు కొట్టుకుపోయే అవకాశం ఉంది. చక్రానికి రెంచి తగిలించి మాత్రం తిప్పొద్దు. దానికీ లొంగకపోతే మార్చడమే, ఇంత పాత గేట్ వాల్వ్‌ని విప్పి బాగుచేసినా ఎక్కువకాలం నిలవదు.

చిన్నమరమ్మతు:

ఎపాక్సీ పుట్టీ పెట్టి చూడండి బ్రో, రెండు ముద్దలు కలిపి పిసికి పెట్టేదే. మా ఇంట్లో పైపుకి పెట్టాం, చాలాకాలం ఆగింది. కోయడాలు తవ్వడాలు ఎందుకు.

పాతపానా:

చిన్నమరమ్మతు గారూ, పైపు మీద సూదిబెజ్జం పడితే, నీళ్ళు ఆపి, ఆరబెట్టి, ఇనుము మెరిసేదాకా రుద్ది పెడితే పుట్టీ కొంతకాలం ఆపుతుంది, నిజమే. ఇక్కడ కారేది తిరిగే స్పిండిల్ దగ్గర. అక్కడ పుట్టీ పెడితే కారడం ఆగొచ్చు, కానీ వాల్వ్ ఇక తిరగదు. రేపు ఇంట్లో ఏ పైపో పగిలితే ఆయన దేన్ని మూస్తారు? అయినా కారుతున్న తడి మీద అది సరిగ్గా అంటుకోదు కూడా.

జోడురెంచీలు:

తడిగోడ గారూ, మార్చాల్సి వస్తే మీ భయం గురించి చెప్తా, ఎందుకంటే పాత జీఐలో అసలు కష్టం అక్కడే. వాల్వ్‌కి రెండు పక్కలా కుడి మరలే ఉంటాయి, అందుకని మధ్యలో ఉన్న వాల్వ్‌ని పట్టుకుని తిప్పితే ఒక పక్క వదులవుతుంటే రెండో పక్క బిగుస్తుంది. యూనియన్ లేనిచోట వాల్వ్ ఊడదు, కోయాల్సిందే. ఎక్కడ కోయాలి అంటే గోడ పక్క కాదు, టీ వైపు ఉన్న ఆ జానెడు పైపు మధ్యలో. అలా కోస్తే టీ వైపు మిగిలిన ముక్కని టీ నుంచి, వాల్వ్‌ని గోడ వైపు నిపుల్ (రెండు చివర్లా మర ఉన్న పొట్టి పైపు) నుంచి విడివిడిగా విప్పుకోవచ్చు. హ్యాక్సా బ్లేడు కొత్తది వెయ్యండి, కోసేటప్పుడు పైపు ఊగకుండా రెండు పక్కలా కింద చెక్క ముక్కలు ఆన్చండి, ఆ ఊపు కూడా నేరుగా గోడలోని ఎల్బోకే పోతుంది.

విప్పేటప్పుడు ఎప్పుడూ రెండు రెంచీలు. వాల్వ్‌ని తిప్పే రెంచి ఒకటి, గోడ వైపు ఉన్న బెత్తెడు పైపుని కదలనివ్వకుండా ఎదురు పట్టే రెంచి ఇంకొకటి. రెండు పిడులూ దగ్గరగా ఉండేలా పెట్టుకుని ఒకదాన్ని ఇంకోదాని వైపు నొక్కితే బలమంతా ఆ రెండింటి మధ్యే సరిపోతుంది, గోడలోకి పోదు. ఒక్క రెంచితో తిప్పితే ఆ మెలి మొత్తం ఎల్బో మీద పడుతుంది, పాత జీఐ మరల దగ్గరే ముందు పోతుంది, ఎందుకంటే మర కోసినప్పుడే అక్కడ ఇనుము పలచబడిపోయింది, దస్తా పూత కూడా పోయింది, తుప్పు తినడం అక్కడే మొదలవుతుంది.

ముందు రోజు రాత్రే మరల దగ్గర తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున చిన్న సుత్తితో చుట్టూ టకటకా తట్టి, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు కదిపి ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి, మొండికేసినవి చాలా వరకు అలా కదులుతాయి. మంట పెట్టమని ఎవరైనా అంటే వద్దు, గోడ పక్కన ఏ వైరు ఉందో తెలీదు, జీఐ మీదుండే దస్తా బాగా కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ఎంతకీ ఊడకపోతే వాల్వ్‌ని త్యాగం చెయ్యాలి, నిపుల్ ఎక్కిన చోట వాల్వ్ ఇత్తడిని పొడవునా హ్యాక్సాతో కొయ్యండి, లోపలి నిపుల్ మర తగిలేలోపు ఆపండి, ఆ గాడిలో ఉలి పెట్టి తడితే ఇత్తడి విచ్చుకుంటుంది, మెలి పెట్టకుండా వదులవుతుంది.

మళ్ళీ కట్టేటప్పుడు గోడ వైపు నుంచి నిపుల్, వాల్వ్, నిపుల్, యూనియన్, నిపుల్, టీ. యూనియన్ వాల్వ్ తర్వాత, ఇంటి వైపే ఉండాలి. అప్పుడు వాల్వ్ మూసి ఇంటి వైపు ఏదైనా విప్పుకోవచ్చు. కొంతమంది వాల్వ్‌కి ముందు పెడతారు, దాన్ని విప్పాలంటే మళ్ళీ మీటర్ దగ్గరే ఆపాలి. ఇంకోటి, యూనియన్ పెద్ద నట్ మర మీద టేపు చుట్టొద్దు, అక్కడ నీళ్ళు ఆపేది లోపల ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు ముఖాలు, మర కాదు. ఆ ముఖాలు శుభ్రంగా తుడవండి చాలు.

ఎర్త్‌తీగ:

నేను కరెంటు పని చేసేవాణ్ణి, అందరూ పైపు గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఇది చెప్పాలి, దయచేసి దాటెయ్యకండి. పాత ఇళ్ళల్లో ఇంటి ఎర్తింగ్‌ని నీళ్ళ పైపుకే కట్టిన సందర్భాలు ఉన్నాయి. భూమిలోకి పోయే ఇనప పైపు కదా అని అప్పట్లో దాన్నే ఎర్త్‌గా వాడేవాళ్ళు. మీ ఇంట్లో అలా ఉండి, ఎక్కడో ఏ గీజర్‌లోనో లీకేజీ కరెంటు ఉంటే, మీరు పైపు కోసిన క్షణాన రెండు చివర్ల మధ్య వోల్టేజీ కనపడొచ్చు. చెరో చివర చెరో చేత్తో పట్టుకుంటే కరెంటు మీలోంచి పోతుంది. కాళ్ళ కింద తడి ఎలాగూ ఉంటుంది.

కోసే ముందు మీటర్ బోర్డు నుంచి వచ్చే పచ్చ తీగో, పూత లేని రాగి తీగో పైపుకి క్లాంప్ అయి ఉందా చూడండి. కనపడకపోయినా మెయిన్ స్విచ్ ఆపండి. కోసే చోటుకి రెండు పక్కలా పైపుని మెరిసేలా రుద్ది, లావు రాగి తీగతో రెండు క్లాంపులు వేసి కలిపి, అప్పుడు కోయించండి, పని అయ్యేదాకా ఆ తీగ తియ్యొద్దు.

సీపీవీసీ ప్రశ్నకి కూడా జవాబు ఇందులోనే ఉంది. మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడితే నీళ్ళు బాగానే పోతాయి, ఎర్త్ తెగిపోతుంది. ఇల్లంతా మామూలుగానే పనిచేస్తుంది, ఎవరికీ ఏం తెలీదు, ఏదైనా మోటారు ఒంటికి కరెంటు వచ్చిన రోజు మాత్రం ఆపేది ఏదీ ఉండదు. ముందు విడిగా ఎర్త్ రాడ్డు వేయించి, దాని రీడింగు చూసుకుని, ఆ తర్వాత ప్లాస్టిక్ గురించి ఆలోచించండి.

తడిగోడ:

అందరికీ చాలా థాంక్స్. గ్లాండ్ నట్ కొంచెం బిగించాను, చక్రం దగ్గర కారడం పూర్తిగా ఆగింది, చక్రం కూడా చేత్తో తిరుగుతోంది. కానీ మూసి తెరిచి ఎంత చేసినా లోపల ఆగట్లేదు, కాబట్టి మార్చడమే. ఎర్త్‌తీగ గారు చెప్పాక బోర్డు కింద వెతికితే నిజంగానే ఒక రాగి తీగ పైపుకి చుట్టి ఉంది, దాని సంగతి ముందు చూపిస్తున్నాను. ఇప్పుడు మీటర్ దగ్గర కదలని వాల్వ్‌ని ఏం చెయ్యాలి? పైపుని గడ్డకట్టించి నీళ్ళు ఆపుతారట కదా, అది మనకి కుదురుతుందా? వాల్వ్ కొనడానికి సైజు ఎలా చెప్పాలి, పైపు బయట కొలిస్తే 27 మిల్లీమీటర్లు వచ్చింది.

పాతపానా:

మీటర్ దగ్గరది నీళ్ళ సరఫరా వాళ్ళది, దాని మీద చెయ్యి వెయ్యకండి. వాళ్ళకి చెప్పి, వాళ్ళ మనిషి వచ్చి ఆపాకే పైపు కొయ్యండి. అది విరిగితే దాని వెనక ఇంకో వాల్వ్ వీధిలో ఉంటుంది, అది మన చేతిలో ఉండదు. పైపు గడ్డకట్టించే సామాను ఉంది, పని చేస్తుంది కూడా, కానీ లోపల నీళ్ళు కదలకుండా నిలిచి ఉండాలి, ఇంట్లో ఏ కుళాయి తెరిచి ఉన్నా, కారుతున్నా మంచు గడ్డ సరిగ్గా కట్టదు. పైగా గడ్డ కరిగేలోపు పని అయిపోవాలి, మొదటిసారి పైపు కోసేవాళ్ళకి ఆ తొందర మంచిది కాదు.

సైజు విషయంలో జాగ్రత్త. 27 అంటే అంగుళానికి దగ్గరే కదా అని అంగుళం వాల్వ్ తెచ్చేస్తారు. అది ముప్పావంగుళం పైపు. పైపు సైజు పేరు బయటి కొలత కాదు. అరంగుళం పైపు బయట 21 దాకా ఉంటుంది, ముప్పావు 27, అంగుళం 33 పైన. మర రకం కూడా అడగండి, బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు ఉన్నాయి. ముప్పావంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరలే, అందుకే ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి, కానీ ఒకదాని మర కోణం 55 డిగ్రీలు, ఇంకోదానిది 60, చివరికి పట్టేసి కారుతుంది. కోసిన పాత ముక్కని పట్టుకెళ్ళి కొత్తదాన్ని దానికి ఎక్కించి చూసుకోవడం అన్నిటికన్నా మంచిది, కానీ నీళ్ళు ఆపి కోశాక కొనడానికి పరిగెత్తేలా పెట్టుకోకండి, నిపుల్స్ రెండు మూడు పొడవుల్లో ముందే తెచ్చి పెట్టుకోండి.

బాల్ వాల్వే పెట్టండి, లోపల రంధ్రం ఉన్న బంతి తిరిగి దారి మూసే రకం. ఇంట్లో మెయిన్ వాల్వ్ ఏళ్ళ తరబడి తెరిచే ఉంటుంది, అవసరం వచ్చిన రోజు ఒక్క తిప్పుతో మూసుకోవాలి, ఆ పనికి బాల్ వాల్వ్ సరిగ్గా సరిపోతుంది. పావు చుట్టు చాలు, పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు, చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది. ఫుల్ బోర్ అని అడిగి తీసుకోండి, లేకపోతే బంతిలో రంధ్రం పైపుకన్నా చిన్నగా ఉండి ధార తగ్గుతుంది. నీళ్ళు ఉప్పగా ఉంటే మామూలు ఇత్తడిలో జింకు కరిగిపోయి లోహం పొడిపొడిగా అవుతుంది, మీ పాత వాల్వ్ మీద తెల్ల పొక్కులు అదే అయ్యుండొచ్చు, దాన్ని తట్టుకునే ఇత్తడికి డీజెడ్‌ఆర్ అని ఉంటుంది. సగం తెరిచి ధార తగ్గించడానికి మాత్రం బాల్ వాల్వ్ వాడొద్దు, లోపలి సీటు కోసుకుపోతుంది. పిడి గోడకి తగులుతుందేమో కొనేముందే చూసుకోండి, తగిలేలా ఉంటే సీతాకోకచిలుక ఆకారం చిన్న పిడి ఉన్నవి వస్తాయి.

టేపు చుట్టేటప్పుడు పైపు చివర మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో, మొదటి మర వదిలేసి, లాగి బిగువుగా. పాత జీఐ మరలు గరుకుగా ఉంటాయి కాబట్టి పల్చటి టేపు నాలుగైదు చుట్లు చాలవు, ఇంకా ఎక్కువే పడుతుంది. దానికి ముందు వైర్ బ్రష్‌తో పాత తుప్పు, పాత నార అంతా తీసెయ్యండి.

సల్లనీళ్ళు:

పని అయినంక నీళ్ళు ఇడిసేటప్పుడు జర పైలం అన్నా. గీజర్ స్విచ్ ముందే బంద్ జేసి పెట్టు, అండ్ల నీళ్ళు లేకుండ కాయిల్ కాలితే పాడైతది. కుళాయిల మూతికి జల్లెడ జాలీలుంటయి, అవి ఇప్పి పక్కన పెట్టు, వాషింగ్ మిషన్‌కు పొయ్యే కుళాయి కూడ మూసెయ్. కోసినప్పుడు తట్టినప్పుడు ఊడిన తుప్పంత మొదటి నీళ్ళల్ల వస్తది, గది జాలీలల్ల ఇరుక్కుంటే మల్ల నీళ్ళు వస్తలేవని నువ్వు వాల్వ్‌నే అనుమానిస్తవ్. అన్నిట్కన్న కింద ఉన్న కుళాయి తెరిచి పెట్టి, వాల్వ్ కొంచెం కొంచెం తెరువు, గాలి బుస్సుబుస్సుమని పొయ్యి ఎర్రనీళ్ళు తేటగ అయ్యేదాంక ఇడిసిపెట్టు, తర్వాత మీది కుళాయిలు ఒక్కొక్కటి.

తడిగోడ:

పని అయ్యింది. కోత, గోడ పక్క విప్పడం ప్లంబర్‌తో చేయించాను, నేను ఎదురు రెంచి పట్టుకున్నాను. సరఫరా వాళ్ళు వచ్చి మీటర్ దగ్గర ఆపారు, వాళ్ళ వాల్వ్ కూడా మార్చాలని రాసుకుని వెళ్ళారు. ఎర్త్‌కి విడిగా రాడ్డు వేయించాకే కోశాం, అయినా రాగి తీగ కట్టే ఉంచాం. పాత వాల్వ్ విప్పి చూస్తే బిళ్ళకి ఒక పక్క పట్టు విరిగి వంకరగా వేలాడుతోంది, గాడి నిండా నల్లటి తుప్పు. గోడ వైపు నిపుల్ మర గోరుతో గీకితే రాలింది, అది కూడా మార్చాం, ఎల్బో మర మాత్రం బాగానే ఉంది.

ఇప్పుడు ఒకటే మిగిలింది. యూనియన్‌కి టీకి మధ్య ఉన్న నిపుల్ దగ్గర చేత్తో తడిమితే చెమ్మగా తగులుతోంది, చుక్క పడట్లేదు. బిగించనా, వదిలెయ్యనా?

జోడురెంచీలు:

ముందు అది కారడమో, చల్లటి నీళ్ళకి పైపు బయట పట్టే చెమ్మో తేల్చండి. బాగా తుడిచి, మర అంచున ఒక టిష్యూ ముక్క, అదే పైపు మీద కొంచెం దూరంగా ఇంకో ముక్క చుట్టి రాత్రంతా వదిలేయండి. రెండూ తడిస్తే చెమ్మే, మరది ఏం తప్పు లేదు. మర అంచుది ఒక్కటే తడిస్తే కారుతున్నట్టే.

కారుతుంటే వాల్వ్ మూసి, యూనియన్ వదులు చేసి, ఆ నిపుల్‌ని టీలోకి ఇంకొంచెం బిగించి చూడండి, టీని రెండో రెంచితో పట్టుకునే. ఒక్కటి గుర్తుంచుకోండి, టేపు చుట్టి బిగించిన మరని సర్దుకోవడానికి వెనక్కి తిప్పకూడదు, కొంచెం వెనక్కి తిప్పినా టేపు నలిగి దారి ఇచ్చేస్తుంది. వెనక్కి తిప్పాల్సి వస్తే పూర్తిగా విప్పి, పాత టేపు గీకేసి, కొత్తగా చుట్టి మళ్ళీ ఎక్కించండి. యూనియన్ ఉంది కాబట్టి ఈసారి కొయ్యక్కర్లేదు, గోడ వైపు ముట్టుకోవాల్సిన పనీ లేదు.